ఏడాది వాడాక, ఒక రాయి తగిలాక: పెట్జల్ బోరియో హెల్మెట్

పోయిన నవంబరులో ఒక ఆదివారం పొద్దున, కొండ ఎక్కేవాళ్ళు పెట్టుకునే ఈ హెల్మెట్ మీద బత్తాయికాయంత రాయి పడింది. లోపల నా తల ఉంది. నా కుడిచేతిలో ఉన్న తాడుకి పైన మా అక్క కొడుకు వేలాడుతున్నాడు. ఇద్దరం ప్రాణాలతో ఇంటికొచ్చాం. అందుకే ఈ రివ్యూ పొడుగ్గా రాస్తున్నాను. కొనాలనుకునేవాళ్ళు ఓపిగ్గా చదవండి.

నేను శ్రీకాకుళం జిల్లాలో కరెంటు లైన్‌మన్‌ని. మా ఇల్లు టెక్కలి దగ్గర. స్తంభం ఎక్కడం ఇరవై ఏళ్ళుగా నా బతుకుతెరువు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటాక, ఉద్దానంలో ఒరిగిపోయిన స్తంభాలు నిలబెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. కొండ ఎక్కడం మాత్రం పని కాదు, ఇష్టం. నలభై దాటాక మొదలుపెట్టాను. భువనగిరి వెళ్ళి, ఆ కోట గుట్ట మీద తాడు కట్టడం, పట్టు వెతకడం నేర్చుకున్నాను. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ ఓనమాలు దిద్దుకున్నది కూడా ఆ రాతి మీదే. తిరిగొచ్చాక మా మేనల్లుడికి నేర్పాను. వాడికి పందొమ్మిదేళ్ళు, డిగ్రీ చదువుతున్నాడు, బరువు యాభై ఎనిమిది కిలోలు. ఆ బరువు ఎందుకు చెప్పానో కింద తెలుస్తుంది.

మొదట్లో డ్యూటీలో పెట్టుకునే పసుపు హెల్మెటే కొండకీ పట్టుకెళ్ళేవాణ్ణి. హెల్మెట్ హెల్మెటే కదా అనుకున్నాను. భువనగిరిలో మాకు నేర్పినాయన దాన్ని చేతిలోకి తీసుకుని, గడ్డం పట్టీ పట్టుకుని గట్టిగా ఒక్క గుంజు గుంజాడు. పట్టీ ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది. అది నాసిరకం కాదు. అలా ఊడటమే దాని పని. సైట్లలో వాడే హెల్మెట్లకి ఈఎన్ 397 అని ఒక యూరప్ ప్రమాణం ఉంది. దాని ప్రకారం పట్టీ సుమారు 15 నుంచి 25 కిలోల లాగుడు మధ్యలో ఊడిపోవాలి. పనివాడు జారినప్పుడు పట్టీ ఏ ఇనుప చువ్వకో తగులుకుంటే మెడకి ఉరి పడకూడదని అలా పెట్టారు. కొండ మీద అవసరం దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. మొదటి రాయి తగిలాక రెండోది రావచ్చు. కాలు జారితే నాలుగుసార్లు తల రాతికి కొట్టుకోవచ్చు. అన్నిసార్లూ హెల్మెట్ తల మీదే ఉండాలి. అందుకే కొండ హెల్మెట్ల ప్రమాణం ఈఎన్ 12492లో పట్టీ 50 కిలోల లాగుడుకి కూడా విడిపోకూడదని రాశారు. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. పెద్ద తేడా పట్టీ దగ్గరే.

బైకు హెల్మెట్ పెట్టుకుని వచ్చే కుర్రాళ్ళని కూడా చూశాను. దయచేసి వద్దు. చెవులు మూసుకుపోయి పైవాడి కేక వినపడదు. కిందనుంచి తాడు పట్టుకున్నవాడు గంటల తరబడి తలెత్తి చూడాలి, ఆ బరువుకి మెడ పట్టేస్తుంది. అది రోడ్డుకి పెట్టుకునేది, రోడ్డు మీదే పెట్టుకోండి.

రెండో హెల్మెట్ ఇంటర్నెట్‌లో చవగ్గా కొన్నాను. ఏ సైట్‌లోనో చెప్పను. పెట్టె మీద కొండ బొమ్మ, 'క్లైంబింగ్ హెల్మెట్' అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. తిప్పి చూస్తే లోపల ఏ చీటీ లేదు, ప్రమాణం నంబరు లేదు, తయారైన నెలా సంవత్సరమూ లేవు. వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. పద్నాలుగు వందలు పోయాయి. ఎవరైనా హెల్మెట్ కొంటే ముందు బోర్లించి లోపల చూడండి. ఈఎన్ 12492, వీలైతే యూఐఏఏ (అంతర్జాతీయ పర్వతారోహకుల సమాఖ్య) గుర్తు, తయారీ తేదీ, ఈ మూడూ ఉండాలి. రంగు గురించి తర్వాత ఆలోచించవచ్చు.

మూడోది ఈ బోరియో. ఫ్రాన్స్ కంపెనీ పెట్జల్ చేసింది. నాకు ఆరు వేల చిల్లర పడింది. మా ఇంటావిడకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. పైన గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్ డిప్ప, లోపల రెండు రకాల నురుగు ఉంటాయి. ఒకటి మన టీవీ పెట్టెల్లో వచ్చే ధర్మకోల్ జాతిది. నొక్కుకుపోతే అలాగే ఉండిపోతుంది. రెండోది కాస్త సాగే గుణం ఉన్నది. బరువు చిన్న సైజు 285 గ్రాములు, పెద్దది 295. అరగంట పోయాక తల మీద ఉందన్న సంగతి మర్చిపోతాం. పక్కల, ముందు, వెనక కూడా బాగా కిందికి దిగి ఉంటుంది. వెనక చిన్న చక్రం ఉంటుంది, ఒక చేత్తో తిప్పితే తలకి బిగుసుకుంటుంది. హెడ్‌ల్యాంపు పట్టీ జారకుండా కొక్కేలున్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరేవాళ్ళకి అవి బాగా పనికొస్తాయి.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

మందస దాటి మహేంద్రగిరి వైపు వెళ్ళే దారుల్లో ఒక పక్కగా రాతి గోడ ఉంది. ఊరి పేరు రాయను, రాస్తే వచ్చే ఆదివారం పాతికమంది వెళ్తారు, ఆ గోడ అందుకు తగినది కాదు. ఎత్తు పద్దెనిమిది మీటర్లు ఉంటుంది. రెండు పదకొండు కేవీ స్తంభాలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కనపడే రాయి ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరే అది. కోణార్క గుడి కట్టింది కూడా ఈ జాతి రాయితోనే. సముద్రం గాలికి అక్కడి శిల్పాల ముక్కూ మొహం అరిగిపోయాయి చూడండి, అదే దీని స్వభావం. ఎండకి, వానకి నాని, పగిలి, పొరలు పొరలుగా విడిపోయి చివరికి ఎర్రమట్టి అవుతుంది. భువనగిరి గుట్ట ఏకశిల, అక్కడ పట్టుకున్న పట్టు చేతిలోకి ఊడిరాదు. నేను అక్కడి ధైర్యాన్ని ఇక్కడికి మోసుకొచ్చాను. అంతకు ముందు వారం రోజులు వానలు కురిశాయి కూడా.

పైన ఒక పెద్ద బండకి పట్టీ చుట్టి, దానికి కారబీనర్ (మూసుకునే లోహపు కొక్కెం) తగిలించి, అందులోంచి తాడు కిందికి వదిలాను. ఒక కొసన మేనల్లుడు, రెండో కొసన నేను. కింద నిలబడి, నడుముకి తగిలించిన పరికరంలోంచి తాడు పట్టుకోవడాన్ని బిలే అంటారు. ఎక్కేవాడి ప్రాణం ఆ చేతిలో ఉంటుంది. నేను చేసిన తప్పు ఇక్కడే. బండకి చుట్టిన పట్టీ పొట్టిది. కారబీనర్ గోడ అంచు దాటి కిందికి వేలాడాలి. అది అంచుకి వెనకే ఉండిపోయింది. దానితో తాడు అంచు మీద ఒరుసుకుంటోంది. చూశాను. పర్లేదులే అనుకున్నాను. ఇంకో పొడవు పట్టీ బ్యాగులోనే ఉంది.

వాడు సగం పైగా ఎక్కాడు. ఎడమ పక్క పట్టు అందక కుడివైపు జరిగి, అక్కడ జారాడు. తాడు బిగుసుకుని, వాడు లోలకంలా పక్కకి ఊగాడు. పైన తాడు అంచు వెంట చీపురు ఊడ్చినట్టు జరిగింది. అక్కడ విడిపోయి కూర్చున్న పలకలన్నీ ఒక్కసారి కదిలాయి.

"రాయి! మావయ్యా, రాయి!"

అంత ఎత్తునుంచి పడే రాయి కిందికి రావడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. వచ్చేసరికి గంటకి అరవై ఐదు కిలోమీటర్ల వేగం దాటుతుంది. కేక వినగానే తల ఎత్తి చూడాలనిపిస్తుంది. చూడకూడదు. హెల్మెట్ మాడుని కాపాడుతుంది కానీ మొహాన్ని కాపాడదు. గడ్డం గుండెకి ఆనించి, భుజాలు పైకెత్తి, గోడకి అతుక్కుపోవాలి. మాకు అలా అలవాటు చేయించారు. గడ్డం దించడానికి మాత్రమే టైమ్ దొరికింది.

మొదట చింతగింజలంత రాళ్ళు, మట్టి పడ్డాయి. తర్వాత ఒక దెబ్బ. గుళ్ళో కొబ్బరికాయ కొట్టిన చప్పుడు చెవిలోపలినుంచి వినపడితే ఎలా ఉంటుందో అలా. పళ్ళు టక్కుమన్నాయి. ఆ రాయి హెల్మెట్ ముందుభాగం ఎడమపక్క తగిలి, వెనక్కి జారిపోయింది. హెల్మెట్ పక్కకి తిరగబోయింది, గడ్డం కింద పట్టీ పట్టి ఆపింది. వెంటనే ఇంకో పలక వచ్చి ఎడమ భుజం మీద పడింది. అది హెల్మెట్ అంచుని కూడా రాసుకుంటూ వెళ్ళింది. పట్టీ ఊడి ఉంటే ఆ రెండోసారి నా తల మీద ఏమీ ఉండేది కాదు.

కళ్ళముందు తెల్లగా అయిపోయింది. ఎంతసేపో తెలీదు, మేనల్లుడు మాత్రం రెండు మూడు క్షణాలే అంటాడు. కుడిచెయ్యి తాడుని తొడకి నొక్కిపట్టే ఉంది. ఆ పట్టు నా తెలివితో పట్టిందో, స్తంభాల మీద ఇరవై ఏళ్ళ అలవాటు పట్టిందో చెప్పలేను.

"మావయ్యా! ఏటైనాది? పలకవేటి?"

"తాడు నా చేతిలోనే ఉంది. కదలకు. దించీస్తన్నాను."

ఎడమచెయ్యి లేవలేదు. ఒక్క కుడిచేత్తో, జానెడు జానెడు వదులుతూ, యాభై ఎనిమిది కిలోల మనిషిని కిందికి దించాను. వాడి కాళ్ళు నేలకి ఆనేదాకా నాకు నొప్పి తెలియలేదు. ఆ తర్వాత కూర్చుండిపోయాను.

నేను అందరికీ చెప్పేది ఇదే. ఎక్కేవాడికి హెల్మెట్ పెట్టి, కింద తాడు పట్టేవాడు బోడితలతో నిలబడటం మన దగ్గర చాలాచోట్ల చూస్తున్నాను. రాళ్ళు పడేది కిందివాడి మీద. కిందివాడు స్పృహ తప్పితే తాడు వదిలేస్తాడు, పైవాడు కూడా పోతాడు. ఆ రోజు నా తల మీద ఉన్న ఒక్క హెల్మెట్ ఇద్దరిని కాపాడింది.

దగ్గర్లో సవర గూడెం ఉంది. మేనల్లుడు పరుగెత్తుకెళ్ళి నలుగురిని తీసుకొచ్చాడు. నేను నడుస్తానన్నాను. వాళ్ళలో పెద్దాయన ఒప్పుకోలేదు. "తల దెబ్బ బాబూ, నువ్వు నడవొద్దు. మేం మోస్తాం" అని, వెదురు కర్రకి దుప్పటి కట్టి, డోలీలో మూడు కిలోమీటర్లు మోసి రోడ్డు మీదికి తెచ్చారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. 108 అప్పటికే వచ్చి ఉంది. మెడకి పట్టీ వేసి, భుజం కదలకుండా కట్టి, శ్రీకాకుళం తీసుకెళ్ళారు. తల స్కాన్‌లో లోపల రక్తం కారలేదని తేలింది. ఎడమ కాలర్ ఎముక విరిగింది. ఆరు వారాలు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగాను. మొదటి రాత్రి మాత్రం మా ఇంటావిడ గంటకోసారి లేపి పేరు అడిగింది. వాంతులు అయినా, మత్తుగా ఉన్నా వెంటనే తీసుకురమ్మన్నారు. అవేం రాలేదు.

డాక్టరుగారు హెల్మెట్ తెమ్మన్నారు. మేనల్లుడు బ్యాగులోంచి తీసి ఇచ్చాడు. ఆయన లోపలి నురుగులో బొటనవేలు పెట్టి చూశారు. సగం గోరు దిగేంత గుంట. బయట డిప్ప మీద అర్ధచంద్రాకారంలో పగులు, చుట్టూ రంగు తెల్లగా పోయి ఉంది. ఆ పగులు మధ్యలో ఎర్రమట్టి ఇరుక్కుని ఉంటే, నేను ఇంటికొచ్చాక పిన్నీసుతో గీరాను. మట్టిలోంచి ఆవగింజంత ఎర్రటి గింజ ఒకటి రాలింది. లైటుకి పెట్టి చూస్తే లోపల దానిమ్మగింజలా మెరుస్తోంది. ఖోండలైట్‌లో ఉండే గార్నెట్ అది. అగ్గిపెట్టెలో దాచాను. నా గడ్డం కింద పట్టీ ఒరుసుకున్న ఎర్రటి గీత వారం రోజులు ఉంది.

పగిలింది కదా, ఇంకేం గొప్ప హెల్మెట్ అని మా ఆఫీసులో ఒకరు అడిగారు. డిప్ప పగలడం, నురుగు నలగడం, అదే దాని పని. దెబ్బ శక్తి అక్కడ ఖర్చయితేనే తల దాకా రాదు. ఈఎన్ 12492 పరీక్షలో అయిదు కిలోల బరువుని రెండు మీటర్ల ఎత్తునుంచి హెల్మెట్ నడినెత్తి మీద వేస్తారు. కిందికి దిగే బలం 10 కిలోన్యూటన్లు మించకూడదు. యూఐఏఏ వాళ్ళు దాన్ని ఇంకా తగ్గించి 8 అన్నారు. నేను లెక్క వేసి చూశాను. అయిదు కిలోలు రెండు మీటర్ల నుంచి పడినా, అర కిలో రాయి ఇరవై మీటర్ల నుంచి పడినా శక్తి ఒకటే, 98 జౌళ్ళు. అర కిలో రాయంటే బత్తాయికాయంత. నాకు తగిలినదీ దాదాపు అంతే. అంటే నా రాయి శక్తి ఆ పరీక్షలో వాడే శక్తికి కొంచెం లోపలే ఉంది. అదే ఎత్తునుంచి ఒలిచిన కొబ్బరికాయంత రాయి పడితే శక్తి మూడింతలు దాటుతుంది. దాన్ని ఆపుతానని ఏ హెల్మెట్టూ మాట ఇవ్వలేదు. ఇది తెలిసే కొనండి, తెలిసే నిలబడండి. ఎక్కేవాడికి సరిగ్గా కింద కాకుండా రెండు మూడు మీటర్లు పక్కకి నిలబడితే చాలావరకు రాళ్ళు మనకి తగలవు. నేను ఆ రోజు నీడ కోసం సరిగ్గా కిందే నిలబడ్డాను.

దెబ్బ తిన్న హెల్మెట్ మళ్ళీ వాడకూడదు. పైకి పగులు కనపడకపోయినా సరే, గట్టి దెబ్బ తగిలితే పక్కన పెట్టాల్సిందే. సాగే నురుగు తిరిగి లేచిపోతుంది కాబట్టి కంటికి ఏమీ తెలియకపోవచ్చు. దెబ్బ తగలకపోయినా, ప్లాస్టిక్ సరుకుకి తయారైన తేదీనుంచి పదేళ్ళే గరిష్ఠం అని ఈ కంపెనీ చెబుతుంది. ఎండలో బండి మీద వదిలేసేవాళ్ళు, స్టిక్కర్లు అంటించేవాళ్ళు, పెయింటు వేసేవాళ్ళు ఆ పదేళ్ళు కూడా లెక్కపెట్టుకోవద్దు. జిగురు, పెయింటులోని రసాయనాలు డిప్పని బలహీనం చేస్తాయి.

పగిలిన హెల్మెట్ పట్టీలు కత్తిరించేశాను. ఎవరైనా పిల్లలు తీసి పెట్టుకుంటారని భయం. మా అమ్మది విజయనగరం. నేను కత్తెర పట్టుకోగానే "దాన్ని కొయ్యకురా, నిన్ను ఇంటికి తెచ్చింది" అని చేతిలోంచి లాక్కుంది. సంగతి చెప్పాక ఒప్పుకుంది గానీ పారేయనివ్వలేదు. ఇప్పుడది పైడితల్లమ్మ పటం పక్కన, పట్టీలు లేకుండా ఉంది.

వేడి సంగతి అందరూ అడుగుతారు. ఏబీఎస్ డిప్ప ఉన్న ఏ హెల్మెట్ అయినా మన ఏప్రిల్ ఉక్కపోతలో చెమట పట్టిస్తుంది. దానికి నేను చేసేది ఒకటే. మార్చి నుంచి వానలు పడేదాకా పొద్దున తొమ్మిదికల్లా దిగిపోతాను. లోపలి గుడ్డ తీసి ఉతుక్కోవచ్చు, వారానికోసారి ఉతికితే వాసన రాదు.

సైజుకి టేపుతో కనుబొమల పైనుంచి తల చుట్టూ కొలవండి. చిన్నది 48 నుంచి 58 సెంటీమీటర్లు, పెద్దది 53 నుంచి 61. నాది 57. రెండూ పడతాయి, నేను పెద్దది తీసుకున్నాను. చలికాలం తెల్లవారుజామున లోపల పల్చటి టోపీ వేసుకోవడానికి చోటు ఉంటుంది. పెట్టుకున్నాక చక్రం బిగించి, పట్టీ పెట్టకుండా తల వంచి ఊపండి. జారకూడదు. అప్పుడు పట్టీ పెట్టుకోండి. గడ్డానికీ పట్టీకీ మధ్య ఒక వేలు దూరితే చాలు, రెండు వేళ్ళు దూరితే వదులు.

కట్టు విప్పిన నెలకి మళ్ళీ అదే మోడల్ రెండు కొన్నాను, నాకొకటి, వాడికొకటి. వాడికి అంతకుముందు నా పాత పసుపుదే ఇచ్చేవాణ్ణి, ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. రెండింటికీ కలిపి పదమూడు వేలు దగ్గర పడింది. ఈసారి మా ఇంటావిడే డబ్బు తీసి ఇచ్చింది.

పోయిన ఆదివారం వేరే గోడకి వెళ్ళాం. పైన అంచు అంతా చీపురుతో, చేత్తో ఊడ్చి, కదిలిన ప్రతి రాయినీ కింద ఎవరూ లేనప్పుడు తోసేశాం. ఊడ్చడానికే గంట పట్టింది. పొడవు పట్టీ కట్టి, కారబీనర్ అంచు కిందికి వేలాడేలా చూశాను. నేను పక్కకి, పెద్ద బండ చాటున నిలబడ్డాను. మేనల్లుడు తాడు ముడి వేసుకుని, నా ముడి చూసి, తర్వాత నా గడ్డం కింద వేలు పెట్టి పట్టీ లాగి చూశాడు. కొంచెం బిగించాడు. అప్పుడు ఎక్కాడు.